ఉమ్మడి జంతు ల్యాబులపై ఆ ఫార్వర్డ్ చెప్పిందేమిటి, అక్కడ జరిగేదేమిటి

వాట్సాప్‌లో చేతులు మారుతున్న ఆ మెసేజ్ సారాంశం ఇది: అంటువ్యాధుల మీద పనిచేసే ఉమ్మడి ల్యాబుల్లో, అంటే చాలామంది పరిశోధకులు కలిసి వాడుకునే ల్యాబుల్లో, రకరకాల క్రిములు ఎక్కించిన ఎలుకలను ఒకే గదిలో పెడతారు, ఆ గాలిని ఊరి మీదికి వదులుతారు, కళేబరాలు డ్రైనేజీలో పారేస్తారు, డబ్బు కడితే ఎవరైనా ప్రయోగం చేసుకోవచ్చు, ఎవరి ల్యాబ్ వాళ్లకుంటే ఈ బెడదే ఉండదు.

"అన్నీ ఒకే గదిలో." టీబీ లాంటి క్రిములతో పనిచేసేది ఏబీఎస్‌ఎల్-3 స్థాయి గదుల్లో, అంటే గాలి ద్వారా సోకే ప్రమాదకర క్రిములను జంతువులకు ఎక్కించే పనికి కట్టిన మూడో భద్రతా స్థాయి గదుల్లో. అక్కడ ఎలుకల పెట్టెలకు దేని గాలి గొట్టం దానిదే. పెట్టెలో పీడనం గదిలో కంటే తక్కువగా ఉంచుతారు కాబట్టి ఎక్కడైనా సందు పడినా గది గాలి లోపలికి పోతుంది తప్ప లోపలిది బయటికి రాదు. మూత తీసేది బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే, అంటే గాలిని లోపలికి లాగి వడగట్టే పెట్టెలోనే. ఒక గదిలో ఒకసారికి ఒకే క్రిమి అన్నది మామూలు పద్ధతి. ఇంకో క్రిమికి ఆ గది ఇవ్వాలంటే ముందు ఖాళీ చేసి హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరి పట్టిస్తారు. మూలల్లో పెట్టిన స్పోర్ (ఓ పట్టాన చావని బ్యాక్టీరియా బీజాలు) పట్టీల్లో ఏమీ మొలకెత్తలేదని తేలాకే తలుపు తీస్తారు.

"గాలి ఊరి మీదికి." బయటికి పోయే గాలి హెపా అనే సన్నటి పోగుల ఫిల్టర్ దాటాలి. 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతాన్ని అది ఆపుతుంది. వైరస్ అంతకన్నా చిన్నది కాబట్టి దూరిపోతుందని మెసేజ్ లెక్క. హెపా జల్లెడ కాదు. దానికి పట్టుకోవడం అన్నిటికన్నా కష్టమైన సైజు 0.3 చుట్టుపక్కలే. అంతకన్నా చిన్నవి తిన్నగా పోలేక అటూ ఇటూ కొట్టుకుంటూ పోగులకు అంటుకుపోతాయి. ఫిల్టర్ కాగితం కంటే దాని చుట్టూ సందు మూసే గ్యాస్కెట్ పట్టీ దగ్గరే లీకులు ఎక్కువ. అందుకే ఫిల్టర్‌ను బిగించిన చోటే పరీక్షిస్తారు. ఒకవైపు నూనె పొగ వదిలి, రెండోవైపు అంచులంతా పొగను పసిగట్టే ప్రోబ్‌తో తడుముతారు. వదిలిన పొగలో 0.01 శాతానికి మించి ఇటు వస్తే ఫెయిల్. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. గాలిని లాగే ఫ్యాన్ ఆగి, నెట్టే ఫ్యాన్ మాత్రం తిరుగుతూ ఉంటే గది గాలి తలుపు సందుల్లోంచి బయటికొస్తుంది. అందుకని మొదటిది ఆగగానే రెండోదీ ఆగేలా కలిపి పెడతారు. కావాలని ఫ్యాన్ ఆపి, పీడనం చూపే గేజీ ముల్లు ఎటు కదిలిందో చూడటమే దానికి పరీక్ష.

"కళేబరాలు డ్రైనేజీలోకి." అవి గోడలో బిగించిన రెండు తలుపుల ఆటోక్లేవ్ (వేడి ఆవిరితో క్రిములను చంపే యంత్రం) దాటాకే బయటికొస్తాయి, ఆ తర్వాత పసుపు సంచిలో కాల్చివేతకు పోతాయి. పసుపు సంచి, కాల్చివేత గురించి 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల్లోనూ ఉంది. తప్పు జరిగే చోటు వేరు: గేజీ 121 డిగ్రీలు చూపించినా సంచి నడుమ అంత వేడి ఉండకపోవచ్చు. మూతి బిగించి కడితే లోపలి గాలి ఆవిరిని రానివ్వదు. కాబట్టి మూతి వదులుగా కట్టాలి, సంచులు కుక్కకూడదు, స్పోర్లు నింపిన చిన్న గాజు సీసాను (ఆంప్యూల్) సంచి పైన కాకుండా కళేబరాల మధ్యలో పెట్టాలి.

"డబ్బు కడితే చాలు." సంస్థలోని జంతు నైతిక కమిటీ, బయోసేఫ్టీ కమిటీ ఒప్పుకోకుండా పని మొదలవదు. జంతు కమిటీలో సీసీఎస్‌ఈఏ (జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ) పంపిన బయటి సభ్యులూ కూర్చుంటారు.

"ఎవరి ల్యాబ్ వాళ్లకే." ఈ సలహాతోనే అసలు పేచీ. ఢిల్లీలోని ఐసీజీఈబీ అనే అంతర్జాతీయ బయోటెక్నాలజీ పరిశోధన సంస్థలో టీబీకి ఉమ్మడి ఏరోసాల్ (గాలిలో తేలే సన్నటి తుంపర) కేంద్రం ఉంది. ఎలుకలకు గాలి ద్వారా క్రిమి ఎక్కించేటప్పుడు సాధారణంగా ఊపిరితిత్తుల్లోకి 100 బ్యాక్టీరియా చేరేలా చూస్తారు. ఎంత చేరిందో తెలియాలంటే మర్నాడే కొన్ని ఎలుకల ప్రాణం తీసి, ఊపిరితిత్తులను నూరి, క్రిములు పెరిగే ప్లేట్ల మీద వేయాలి. క్రిముల గుంపులు (కాలనీలు) కనబడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. డోసు తప్పిందని తెలిసేసరికి మిగతా ఎలుకల ప్రయోగం సగం దారిలో ఉంటుంది. ఏడాదికి ఒకట్రెండుసార్లే క్రిమి ఎక్కించే ఛాంబర్ నడిపే చోట చేతికి ఆ అలవాటు నిలవదు. రెండు ల్యాబులు రెండు డోసులు ఇస్తే ఏ టీకా మెరుగో పోల్చలేం. పైగా ఫిల్టర్లు, ఆటోక్లేవుల పరీక్షల ఖర్చు ప్రతి ల్యాబ్‌కీ విడిగా పడుతుంది. డబ్బు తక్కువైన చోట ముందు వాయిదా పడేవి ఆ పరీక్షలే.

అలాగని ఉమ్మడి అన్నదానిలో ప్రమాదమే లేదనలేం. 2007 ఆగస్టులో ఇంగ్లండ్ సర్రీలోని పిర్‌బ్రైట్ ఆవరణ నుంచి గాలికుంటు వైరస్ పక్కనున్న పశువులకు సోకింది. అక్కడ ప్రభుత్వ పరిశోధన సంస్థ, మెరియల్ అనే టీకాల కంపెనీ పక్కపక్కనే ఉండేవి. కంపెనీ మురుగును చివరిగా శుద్ధి చేసే కాస్టిక్ సోడా ట్యాంకు సంస్థ చేతిలో ఉండేది. రెండిటి మధ్యనున్న పాత పైపులు లీకయ్యాయి, మ్యాన్‌హోళ్లకు సరైన సీలు లేదు. ఆ వేసవిలో భారీ వానలు పడ్డాయి, నిర్మాణ లారీలు ఆ మట్టిని రోడ్డెక్కించాయన్నది దర్యాప్తులో తేలిన అత్యంత సంభావ్య కారణం. పైపులు బాగుచేయాలని ముందే తెలుసు, ఖర్చు ఎవరిదన్న దగ్గరే ఆగింది. మెసేజ్ చెప్పిన ఎలుకల గదికీ దీనికీ సంబంధమే లేదు. మీ దగ్గర్లో ఇలాంటి ల్యాబ్ ఉంటే అడగాల్సిన ప్రశ్నలు రెండు: వ్యర్థజలం పైపు ఏ సంస్థ పేరున ఉంది, దాన్ని చివరిసారి ఎప్పుడు పరీక్షించారు.