డాన్స్‌కి పిరియడ్ కావాలి, ఐటమ్ కాదు

జనవరి వస్తే చాలు, హైస్కూళ్లలో హడావుడి మొదలవుతుంది. రిపబ్లిక్ డే, దాని వెనకే వార్షికోత్సవం. "డాన్స్ ఎవరికి వచ్చు?" అని క్లాసులో అడుగుతారు. చేతులెత్తిన ఆరేడుగురిని పక్క గదిలోకి తీసుకెళ్లి, ఫోన్లో సినిమా పాట పెట్టి, చూసి చెయ్యమంటారు. పది రోజుల్లో ఐటమ్ రెడీ. మిగతా పిల్లల పని చప్పట్లు కొట్టడమే. లెక్కలు ముందే వచ్చినవాళ్లకు మాత్రమే లెక్కల పిరియడ్ పెడితే ఊరుకుంటామా? డాన్స్ విషయంలో ఏళ్ల తరబడి చేస్తున్నది అదే.

కాగితాల మీద లోటేమీ లేదు. సంగీతం, నాట్యం, చిత్రకళ, నాటకం బడిలో సబ్జెక్టుగా ఉండాలని 2005 జాతీయ విద్యా ప్రణాళికా చట్రమే చెప్పింది. 2020 విద్యా విధానమూ అదే పాట పాడింది. 2015 నుంచి కేంద్రం హైస్కూలు పిల్లలకు కళా ఉత్సవ్ పోటీలు కూడా పెడుతోంది. పోటీ ఉంది, క్లాసే లేదు.

పదో తరగతి రిజల్ట్స్ టెన్షన్‌తో సతమతమవుతున్న హెడ్మాస్టర్లు "లెక్కల టీచరే లేడు, డాన్స్ టీచర్‌ను ఎక్కడ తెమ్మంటారు?" అంటారు. వాళ్ల బాధ నిజమే. కానీ లెక్కల పోస్టు ఖాళీగా ఉండటానికి కారణం డాన్స్ కాదు. అలాగని డాన్స్ నేర్పితే మార్కులు పెరుగుతాయని నేను వాదించను. డాన్స్ మార్కుల కోసం కాదు.

దేనికోసమో మా ఊరి హైస్కూల్లో కిందటేడు చూశాను. రామాలయంలో భజనలు చేసే ఒకావిడ రెండు వారాలు సాయంత్రాలు వచ్చి తొమ్మిదో తరగతి మొత్తానికీ కోలాటం నేర్పింది. ఎవరినీ ఏరలేదు. ఒక అమ్మాయి మొదటి రోజు భుజాలు ముడుచుకుని, చున్నీ సర్దుకుంటూ, తల వంచుకుని నిలబడింది. ఆ వయసు ఆడపిల్లల్లో చాలామంది అలాగే నిలబడతారు, ఒళ్లు కనిపించకుండా ఉంటే బాగుండునన్నట్టు. కోలాటంలో అలా కుదరదు. లోపలి వరుస ఒకవైపు, బయటి వరుస ఇంకోవైపు తిరుగుతుంటాయి. అడుగడుగుకీ జోడీ మారుతుంది. ఎదురుగా వచ్చే మనిషిని చూడకపోతే కోల వేళ్ల మీద పడుతుంది. రెండు దెబ్బలు తిన్నాక ఆ పిల్ల తలెత్తింది. నాలుగో రోజుకి తాళం తప్పిన అబ్బాయిని "ఏయ్, చూసుకో" అని గదమాయించింది. పదమూడు, పద్నాలుగేళ్లప్పుడు పిల్లలకు తమ ఒంటితో సఖ్యత కుదరడం కన్నా పెద్ద చదువు ఏముంది?

నేర్పేవాళ్లు లేరన్న మాట నేను ఒప్పుకోను. అరకులో ధింసా ఉంది, ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్లు ఉన్నాయి, తెలంగాణ పల్లెల్లో డప్పు దరువు ఉంది. అమెరికాలో మనవాళ్ల పిల్లలు వారాంతాల్లో ఫీజులు కట్టి కూచిపూడి నేర్చుకుంటుంటే, ఇక్కడి సర్కారు బడి పిల్లకు పక్క వీధిలో ఉన్న కళే అందడం లేదు. కారణం ఒక్కటే: సర్టిఫికెట్ లేని విద్యను మనం విద్యగా చూడం.

మార్లవాయి కనకరాజునే తీసుకోండి. గోండుల గుస్సాడీకి జీవితం ధారపోసిన మనిషి. దీపావళి రోజుల్లో నెమలి ఈకల టోపీ పెట్టుకుని, ఒంటికి బూడిద రాసుకుని ఆడే ఆ నాట్యానికి 2021లో ఆయన ద్వారా పద్మశ్రీ వచ్చింది. ఆయన బతుకుదెరువు మాత్రం ఆశ్రమ పాఠశాలలో రోజుకూలీకి వంట పని. అంతటి గురువుకు మన వ్యవస్థ బడిలో చూపించగలిగిన చోటు వంటగది! 2024లో ఆయన వెళ్లిపోయారు. అలాంటివాళ్లు చదువులేనివాళ్లని ఇంకా అంటూనే ఉన్నాం.

కొత్త చట్టం కూడా అక్కర్లేదు. ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో 100 మంది పిల్లలు దాటితే కళలకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే రాసి ఉంది. దాన్ని తొమ్మిది, పదికి పొడిగించి, బీఈడీ అడక్కుండా ఊళ్లో ఆట తెలిసినవాళ్లను పెట్టుకోండి. వారానికి రెండు పిరియడ్లు, నెలనెలా జీతం.

మా ఊళ్లో కోలాటం నేర్పినావిడకు బడివాళ్లు చివరి రోజు శాలువా కప్పారు. మళ్లీ ఏడు కూడా రమ్మన్నారు. ఆటో ఖర్చులైనా ఇస్తారా అని ఆవిడ అడిగితే, దానికి పద్దు లేదన్నారు.