అయిదు నిమిషాలే బాబూ!

శ్రీకాకుళం రోడ్ అనే రైల్వే స్టేషన్ శ్రీకాకుళంలో ఉండదు, ఆమదాలవలసలో ఉంటుంది. అంచేత సాపేక్ష సిద్ధాంతం గురించి మాట్లాడే హక్కు అందరికన్నా ముందు మా జిల్లావాళ్ళదేనని నా గట్టి నమ్మకం.

మొన్న రైలు దిగి షేర్ ఆటో ఎక్కాను. "అయిదు నిమిషాలే బాబూ, ఇంకొక్కలొస్తే ఎల్లిపోదుం" అన్నాడు డ్రైవరు. నలభై పట్టింది, అది కూడా బండి కదలడానికే. ముందు ఒళ్ళు మండింది గానీ, 1905లో బెర్న్ పేటెంట్ ఆఫీసులో ఉద్యోగం వెలగబెడుతూనే ఐన్‌స్టీన్ కాలం అందరికీ ఒకేలా నడవదని తేల్చాడు కదా, పాపం ఇతనూ అదే అంటున్నాడేమోనని లెక్క వేశాను. వేగంగా పోయేవాడి గడియారం, నిలబడి చూసేవాడి లెక్కలో నెమ్మదిస్తుంది. నా నలభై అతనికి అయిదు కావాలంటే ఆటో కాంతి వేగంలో 99.2 శాతం అందుకోవాలి. ఆటో మాత్రం టీ కొట్టు పక్కన, చక్రం కింద ఇటుకముక్కతో సహా, అక్కడే ఉంది. పైగా నేనూ అందులోనే ఉన్నాను, ఒకే బండిలో పక్కపక్కనున్న వాచీలకి తేడా రాకూడదు.

"అంతా సాపేక్షమేనండీ" అన్నారు పక్క సీట్లో మాష్టారు. ఇదిగో, ఈ మాటంటేనే నాకు మంట. ఆ సిద్ధాంతం నిలబడిందే మారనిదాని మీద. వెలుగుకి ఎదురెళ్ళినా, దాన్నుంచి పారిపోయినా, కొలిస్తే సెకనుకు 2,99,792 కిలోమీటర్లే. అరసవల్లి సూర్యనారాయణస్వామి వెలుగు ఎనిమిది నిమిషాల పైచిలుకు ప్రయాణం చేసొచ్చి కలెక్టరు కారుకీ మా ఆటోకీ ఒకే వేగంతో తగులుతుంది. అది మారనని భీష్మించుకుంది కాబట్టే కాలమూ దూరమూ సర్దుకోవాల్సొచ్చింది.

ఫోన్లో దారి చూపించే జీపీఎస్ ఉపగ్రహాల సంగతి చూడండి. వేగం వల్ల వాటి గడియారాలు రోజుకు 7 మైక్రోసెకన్లు వెనకబడతాయి, అంత ఎత్తులో భూమి ఆకర్షణ తక్కువ కాబట్టి 45 ముందుకు పోతాయి, ఆకర్షణ తగ్గినచోట గడియారం జోరుగా నడుస్తుందన్నది ఐన్‌స్టీన్‌దే, 1915 నాటి రెండో సిద్ధాంతం. మొత్తమ్మీద 38 ముందు. దిద్దకుండా వదిలేస్తే రోజు తిరిగేసరికి మనం ఉన్న చోటు పది కిలోమీటర్ల మేర తప్పిపోతుంది, అంటే ఆమదాలవలసలో కూర్చున్నవాణ్ణి దాదాపు శ్రీకాకుళంలో దింపేస్తుందన్నమాట. ఆటో కన్నా అదే నయం.

ఇదంతా డ్రైవరుకి ఓపిగ్గా చెప్పి, చెయ్యి చాపి టైము చూపించాను. వంగి చూసి, "మీ వాచీ ఫాస్టుగా ఎల్తంది బాబూ, ఓపాలి సూపించుకోండి" అన్నాడు.