వాగ్దాన కార్డు గారికి ఒక మనవి

మహా ఘనత వహించిన వాగ్దాన కార్డు గారికి,

ప్రభువు నామమున వందనాలు. మీరు క్షేమమని తలుస్తాను. మీకేం, లామినేషన్ చేయించుకున్నవారు. తడవరు, నలగరు, చిరగరు. మా సంగతే అంతంత మాత్రం.

కొత్త ఏడాదికి మనిషికొక బైబిల్ వచనం మోసుకొచ్చే మీకు ఏటా డిసెంబరు 31 రాత్రి మందిరంలో జరిగే మర్యాద చూస్తే ముచ్చటేస్తుంది. పదింటికి ఆరాధన మొదలవుతుంది. పాటలకు లేస్తాం, ప్రసంగానికి కునుకుతాం, పన్నెండుకు ఐదు నిమిషాలుందనగా మోకాళ్ల మీదికి వస్తాం. గంట కొట్టగానే హ్యాపీ న్యూ ఇయర్ అని చేతులు కలుపుకుంటాం. "ఇప్పుడు వాగ్దానాలు తీసుకుందాం" అని పాస్టరు అయ్యగారు అనడమే ఆలస్యం, మోకాళ్ల నొప్పులని కుర్చీ వేయించుకున్న పెద్దమ్మ అందరికంటే ముందు లైన్లో ఉంటుంది. రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల దగ్గర కూడా అంత తోపులాట ఉండదు.

తట్టలో మీరు బోర్లా పడుకుని ఉంటారు. కళ్లు మూసుకుని, లోలోపల స్తోత్రం చెప్పుకుని, పైనున్న కార్డు వదిలేసి అడుగునుంచి ఒకటి లాగుతాం. పైదాంట్లో దేవుడు ఉండడని మా గట్టి నమ్మకం. వచ్చింది నచ్చకపోతే దానికీ ఏర్పాటుంది: "అయ్యగారూ, ఇది మా చిన్నోడి పేరు మీద అనుకోండి, నాకింకోటి తీసుకుంటా." ఒక ఏడాది మా సంఘంలో భార్యాభర్తలిద్దరికీ "నిన్ను తలగా నియమించును గాని తోకగా నియమింపడు" అనే వాగ్దానమే వచ్చింది. ఒకే ఇంట్లో రెండు తలలు. ఆ ఏడాదంతా వాళ్లింటికి కుటుంబ ప్రార్థనకు వెళ్లాలంటే మాకు టెన్షన్.

మీ అందం గురించి కూడా రెండు మాటలు. ఎదటి వైపు జలపాతమో, గులాబీయో, రెక్కలు చాపిన పక్షిరాజో. వాటి మధ్య బంగారు రంగు అక్షరాల్లో సగం వచనం. వెనక వైపు కోటు వేసుకున్న అయ్యగారు, పట్టుచీరలో అమ్మగారు, మూడు ఫోన్ నంబర్లు, యూట్యూబ్ ఛానల్ పేరు, ఒక క్యూఆర్ కోడ్. వచనం ఒక్క లైనే అయినా అది చెప్పినవాళ్ల వివరాలు మాత్రం పూర్తిగా ఉంటాయి.

జనవరి 1న మీరు అందరి వాట్సాప్ స్టేటస్‌లో వెలుగుతారు. సంక్రాంతి నాటికి బైబిల్లో పేజీ గుర్తుగా మారతారు. వేసవికి బీరువా అద్దం మూలన, బొట్టుబిళ్లల పక్కన. (మేం బొట్టు పెట్టుకోం కదా అనకండి, ఎవరింట్లో ఏముందో మీకు తెలియనిదా!) మళ్లీ డిసెంబరులో సాక్ష్యాల కూటంలో "ఈ ఏడాది నీ వాగ్దానం ఏమిటమ్మా?" అని అడిగితే చాలామంది పైకప్పు వంక చూస్తారు. ఏడాది పొడుగునా దేవుడు నెరవేర్చాల్సిన మాట అది. ఏమిటో మాకే గుర్తుండదు.

మీ పూర్వీకుల గురించి చదివాను, అందుకే అడిగే చనువు తీసుకుంటున్నాను. మీకు పెద్ద వంశమే ఉంది. జర్మనీలో హెర్న్‌హూట్ అనే చిన్న ఊళ్లో, 1728 మే నెలలో, జిన్‌జెన్‌డార్ఫ్ దొర, మొరేవియన్లనే ప్రొటెస్టెంట్ సంఘం విశ్వాసులకు మరుసటి రోజుకని ఒక వాక్యం ఇచ్చాడు. దాన్ని ఇంటింటికీ చేరవేశారు. 1731 నుంచి ఆ దినవాక్యాలు పుస్తకంగా అచ్చవుతున్నాయి, ఇప్పటికీ వస్తున్నాయి. అక్కడా చీటీలే తీస్తారు. కాకపోతే తీసిన వాక్యం అందరికీ ఒకటే, అదీ ఒక్క రోజుకు. నీకు జలపాతం, నాకు పక్షిరాజు అనే పంపకం లేదు. పొద్దున్నే దాన్ని పట్టుకుని ఆ రోజు బతకాలి, రేపు ఇంకోటి వస్తుంది. అదే ఊళ్లో అంతకు ముందు ఏడాది 24 మంది మగవాళ్లు, 24 మంది ఆడవాళ్లు రోజులోని గంటలన్నీ పంచుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఆ వరస నూరేళ్లకు పైగా సాగింది. 1732లో ఆ సంఘం నుంచే ఇద్దరు కరీబియన్ దీవుల్లోని బానిసల దగ్గరికి బయలుదేరారు. గంటలు లెక్కపెట్టి ప్రార్థించినవాళ్లకు కాళ్లు కూడా కదిలాయన్నమాట.

మీకు మాత్రం 365 రోజుల వ్యాలిడిటీ ఉంది. మేమూ రీఛార్జి చేయించుకున్నవాళ్లలాగే వచ్చే డిసెంబరు వరకు మళ్లీ ఆ వైపు చూడం.

ఇప్పుడు అసలు ఫిర్యాదుకు వస్తాను. మీరు వాక్యాన్ని ఎక్కడ కత్తిరిస్తారో గమనించాను. ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయంలో దీవెనలు 14 వచనాల్లో అయిపోతాయి. ఆ తర్వాత శాపాలు 54 వచనాలు. మీ కత్తెర ఎప్పుడూ పద్నాలుగో వచనం దాటలేదు. యోహాను 16లో యేసు ప్రభువు "లోకములో మీకు శ్రమ కలుగును" అన్నాక "అయినను ధైర్యము తెచ్చుకొనుడి" అన్నాడు. మీ మీద ధైర్యం అచ్చవుతుంది, శ్రమ ఎగిరిపోతుంది. దేనికి ధైర్యమో తెలియకుండానే ధైర్యంగా తిరుగుతున్నాం.

వీటన్నిటికంటే యిర్మీయా 29:11 విషయంలో మీరు చేసింది అన్యాయం. సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు అనే ఆ మాట మా సంఘంలో కనీసం పది మందికి వస్తుంది. వీసా కోసం చూసేవాళ్లు, డీఎస్సీ రాసినవాళ్లు, ఎప్‌సెట్ ర్యాంకు కోసం ఉపవాసమున్న పిల్లలు దాన్ని గుండెకు హత్తుకుంటారు. హత్తుకోనివ్వండి, తప్పులేదు. కానీ దానికి ముందున్న పదో వచనాన్ని ఎందుకు దాచారు? బబులోనుకు డెబ్బై ఏళ్లు గడిచాకే మిమ్మల్ని తిరిగి రప్పిస్తానని ఉంది అందులో. బబులోను రాజు చెరపట్టుకుపోయిన యూదులకు యెరూషలేము నుంచి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం అది. చదివినవాళ్లలో నడివయసు దాటినవారెవరూ ఆ మేలు కళ్లతో చూడరు. ఈలోగా ఏం చేయాలో కూడా అదే ఉత్తరంలో ఉంది: ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, మిమ్మల్ని చెరపట్టుకుపోయిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి. పని అంతా ఐదు, ఆరు, ఏడు వచనాల్లో ఉంది. మీరు నేరుగా పదకొండుకు దూకారు.

దానికి ముందు అధ్యాయంలో హనన్యా అని ఒక ప్రవక్త ఉన్నాడు. రెండేళ్లలోనే అంతా తిరిగొచ్చేస్తుందని మందిరంలో అందరి ముందు ప్రకటించి, బబులోనుకు లొంగక తప్పదని చూపడానికి యిర్మీయా మెడమీద వేసుకున్న కాడిని విరగ్గొట్టాడు. జనానికి ఎవరి మాట నచ్చి ఉంటుందో ఊహించగలం. రెండేళ్ల ఆఫర్ ఎక్కడ, డెబ్బై ఏళ్ల ఓర్పు ఎక్కడ! హనన్యా ఆ ఏడాదే ఏడో నెలలో చనిపోయాడు. ఆ రోజుల్లో ప్రెస్సులు ఉంటే మీ మొదటి ఆర్డరు ఆయనే ఇచ్చేవాడని నా అనుమానం.

డెబ్బై అంటే మరో చోటు గుర్తొస్తుంది. తొంభయ్యో కీర్తన. మన ఆయుష్కాలం డెబ్బై ఏళ్లు, బలముంటే ఎనభై అని మోషే చేసిన ప్రార్థన. డెబ్బై ఏళ్లంటే పాతికవేల రోజుల పైచిలుకు, అందులో మూడో వంతు నిద్రకే పోతాయి. "మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము" అని కూడా అందులోనే ఉంది. మీ మీద ఆ వచనం నేనెప్పుడూ చూడలేదు. సమాధుల తోటలో, పెట్టె దించేటప్పుడు మాత్రం తప్పకుండా చదువుతారు. లెక్క నేర్చుకోవాల్సిన మనిషి అప్పటికి పెట్టెలో ఉంటాడు. మిగిలినవాళ్లం ఎండకు గొడుగులు సర్దుకుంటూ, భోజనాలు ఎక్కడో కనుక్కుంటూ ఉంటాం.

దినాలు లెక్కపెట్టలేం గానీ, ప్రార్థన ఎంతసేపు చేశామో లెక్క మాత్రం పక్కాగా ఉంటుంది. "ఆయన మూడు గంటలు మోకాళ్ల మీదే ఉంటాడు" అని చెప్పుకుంటాం. విస్తరించి మాట్లాడితే వినబడుతుందనుకోవద్దని ప్రభువు చెప్పిన మాట మత్తయి ఆరో అధ్యాయంలోనే ఆగిపోయింది, మా మైకు దాకా రాలేదు. మా ప్రార్థనల్లో దేవుడికి వార్తలు చదివి వినిపిస్తాం: "ప్రభువా, మొన్న మంగళవారం చెల్లెమ్మ బాత్రూములో జారిపడిన సంగతి నీకు తెలుసు, ఎడమ కాలే అని నీకు తెలుసు, డాక్టరు ఇరవై వేలు అడిగాడని నీకు తెలుసు..." అన్నీ ఆయనకు తెలిసినవే. ఆ ఇరవై వేలలో మేమెంత ఇస్తామో మాత్రం చెప్పం. పాపం, అదొక్కటే ఆయన వినాలనుకున్న వార్త కావచ్చు.

మా వీధి చివర ఒంటరిగా ఉండే అక్క ఒకామె ఉంది. కంట్లో శుక్లం తీయించుకోవాలి, ప్రార్థన చేయమని సంఘం గ్రూపులో పెట్టింది. గంటలో ఆమేన్లు వరదలా వచ్చాయి. జోడించిన చేతుల బొమ్మలు, పక్షిరాజుల బొమ్మలు, మీలాంటివారి ఫోటోలు కూడా. నిజానికి ఆమెకు కావాల్సింది ఆస్పత్రికి తోడొచ్చే ఒక మనిషి. ఆపరేషనయ్యాక కొన్నాళ్లు వంగకూడదు, బరువులెత్తకూడదు, వేళకు కంట్లో చుక్కలు వేయాలి. ఆమేన్ పెట్టిన ఒక్కొక్కరు ఒక్క పూట వెళ్లినా చుక్కల మందు అయిపోయేది. వేసింది ఎవరంటే ఎదురింట్లో టైలర్ షాపు నడిపే ముస్లిం అమ్మాయి. ఆమె మా గ్రూపులో లేదు.

మీమీద నాకున్న కోపమంతా నిజానికి ఈ ఒక్క విషయానికే. మీరు వచ్చాక పనులన్నీ దేవుడి వైపు సర్దుకున్నాయి. ఆయన నడిపించాలి, ఆయన హెచ్చించాలి, ఆయన ద్వారాలు తెరవాలి. మా వంతు తట్టలోంచి లాగడమే.

కొత్త సంవత్సరం ప్రార్థన ఇంకోలా కూడా ఉంటుందని మీకు చూపించాలంటే ఒంగోలు తీసుకెళ్లాలి. నెల్లూరు కేంద్రంగా ఉన్న అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని 1853లో అక్కడ అమెరికాలో చర్చించారు. ఏళ్లు గడిచినా చెప్పుకోదగ్గ ఫలం లేదు మరి. మరుసటి ఏడాది, 1854 జనవరి 1 తెల్లవారుజామున, మిషనరీ లైమన్ జ్యూవెట్, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు పక్కనున్న కొండెక్కారు. ఇంగ్లీషులో ఆ కొండను నేటికీ ప్రేయర్ మీటింగ్ హిల్ అంటారు. సూర్యోదయానికి వాళ్లు అడిగింది ఒంగోలుకు ఒక మనిషిని పంపమని. తమకు ఇల్లు, ఆరోగ్యం, తలగా ఉండటం అడిగినట్టు ఎక్కడా లేదు. కార్డు తీసుకున్నట్టూ లేదు.

ఆ ఏడాది ఎవరూ రాలేదు. తర్వాతి ఏడాదీ రాలేదు. జాన్ క్లౌ అనే మిషనరీ 1865లో ఇండియాకు వచ్చి, ఆ మరుసటి ఏడు ఒంగోలులో దిగాడు. పన్నెండేళ్లు. మీ లెక్కలో పన్నెండు లామినేషన్లు. మా సంఘమైతే మూడో ఏడుకే మందిరం మారిపోయేవాళ్లం.

అప్పుడైనా అద్భుతాలు వరసకట్టలేదు. 1876లో కరువు వచ్చింది. రెండేళ్ల పాటు జనం మాడిపోయారు. క్లౌ వచ్చే ముందు సర్వేయరుగా పనిచేసినవాడు. బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలిగా ఉన్నవాళ్లకు పారలిచ్చి కూలీ ఇచ్చాడు. పగలంతా మట్టి పని. విశ్రాంతి వేళల్లో వాక్యం. బియ్యం కోసం మతం మారారనే మాట రాకూడదని కరువు కాలంలో ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సంఖ్య పెంచుకోవడానికి అంతకంటే మంచి అదను దొరకదు కదా! ఆయన వదులుకున్నాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు.

ఒంగోలు వైపు ఈ సంఖ్య అందరికీ నోటికొచ్చు. వార్షికోత్సవాల్లో చెబుతాం, చప్పట్లు కొడతాం. పార గురించి ఎవరూ చెప్పరు. పార బొమ్మతో వాగ్దాన కార్డు వస్తే ఎవరైనా తీసుకుంటారా? తిప్పి తట్టలో పడేసి "ఇంకోటి" అంటారు.

కాబట్టి మీకు నా మనవులు ఇవి. మిమ్మల్ని రద్దు చేయమని అడగడం లేదు. మా అత్తగారు ఒప్పుకోరు, ఆవిడకు మీమీదున్న ప్రేమ నిజమైనది. ఎనభై దాటిన ఆవిడ ఒక పాత కార్డును తలగడ కింద పెట్టుకుని, కళ్లు కనబడకపోయినా వేలితో అక్షరాలు తడుముతుంది. ఆవిడ ముందు నా వ్యంగ్యం పనిచేయదు. మిగిలిన మాకోసం అడుగుతున్నాను. పదకొండో వచనం వేసేటప్పుడు పదోది కూడా వేయించండి. శ్రమను తీసేయకండి. పన్నెండు నెలలకు కాకుండా ఒక్క రోజుకు రండి, మోయగలిగినంతే మోస్తాం. అయ్యగారి ఫోటో కొంచెం చిన్నదైనా ఆయన ఏమీ అనుకోరు, అమ్మగారు అనుకుంటారేమో కనుక్కోండి.

ఇట్లు,
ప్రతి ఏడూ అడుగునుంచి లాగే ఒక విశ్వాసి

తా.క.: వీధి చివరి అక్కకు రెండో కంటి ఆపరేషన్ జనవరి మొదటి వారంలో ఉంటుందట. టైలర్ అమ్మాయి అప్పటికి పుట్టింటికి వెళ్తోంది. ఉదయం ఏడింటికి ఆస్పత్రికి తోడెళ్లడానికి ఒకరు, సాయంత్రం చుక్కలు వేయడానికి ఒకరు కావాలి. మీ వెనక వైపు క్యూఆర్ కోడ్ కింద కాస్త చోటుంటే ఈ ముక్క వేయించండి. ఎలాగూ ప్రతి ఇంటికీ వెళ్తారు కదా.