అరటిపండు బయటిదా, లోపలిదా?

సంక్రాంతికి మామయ్య గారింటికి వెళ్తే ఇల్లంతా అల్లుళ్లే. సరేలే, పాపం వాళ్లది కదా పండగ అని, కోనసీమలోనే ఒక రిసార్టులో గది తీసుకున్నాం, రోజుకి 6,000. టిఫిన్ కాంప్లిమెంటరీ. మన జేబులోంచి తీసిన డబ్బునే మనకి బహుమతిగా ఇవ్వడాన్ని కాంప్లిమెంటరీ అంటారు, తెలియనివాళ్లకి చెబుతున్నాను.

గేటు దగ్గరే బోర్డు: ‘బయటి ఆహారం లోపలికి అనుమతించబడదు.’ మా చేతిలో రావులపాలెంలో కొన్న చక్కెరకేళి హస్తం ఉంది. రిసెప్షన్‌లో కుర్రాడు దాన్ని చూసి ఇబ్బందిగా నవ్వాడు.

‘ఆయ్, ఇది బయట ఫుడ్డండి.’

‘అరటిపండు బాబూ.’

‘అరటిపండేనండి. బయటిదండి.’

‘మరి ఆ స్విమ్మింగ్ పూల్ పక్కన గెల వేలాడుతోందే?’

‘అది డెకరేషనండి.’

పక్క తోటలోంచి గోడ మీదుగా ఒక కొబ్బరిచెట్టు ఇటు వంగి ఉంది. మొదలు బయట, గెల లోపల. కాయ పడితే ఎవరిది అని అడిగాను. అది తన స్థాయిలో తేలే విషయం కాదని కుర్రాడు మేనేజర్ని పిలిచాడు. ఆయన వచ్చి, నిదానంగా ఆలోచించి, తొక్క తియ్యనంతసేపు అరటిపండు లగేజీ అనీ, తీసిన మరుక్షణం ఆహారమనీ తేల్చాడు. కాబట్టి లగేజీ గదిలో పెట్టి తాళం వేస్తారట. రసీదు కూడా ఇచ్చాడు: ‘అరటిపండ్లు 13, అందులో మెత్తబడినది 1’. రేపు మేం గొడవకి రాకుండా ఆ ఒకటీ ముందే రాయించుకున్నాడన్నమాట. కొబ్బరికాయ సంగతి మాత్రం పెండింగ్. ఈలోగా వెల్‌కమ్ డ్రింక్ వచ్చింది. చుట్టూ కొబ్బరితోటలు, గ్లాసులో పొడి కలిపిన నారింజరసం.

రాత్రి నలుగురికి భోజనం 2,340. పప్పు మీద కూడా నూనె తేలుతోంది.

అసలు సంగతి పొద్దున. అమ్మకి షుగర్. ఇన్సులిన్ వేసుకుంటే అరగంటలో ఏదో ఒకటి తినాలి. కార్డు మీద టిఫిన్ 7:30కి అని ఉంది కదా అని 7:10కి వేసుకుంది. వంటగది తలుపు తీసింది 8:20కి. ఈలోపే అమ్మకి చెమటలు, చేతులు వణుకు. పంచదార అడిగితే స్టోరు తాళం లేదు. అరటిపండ్లు అడిగితే ఆ తాళం మేనేజర్ దగ్గరుంది, ఆయన నిద్రలో ఉన్నాడు. చివరికి ఆ కుర్రాడే పరిగెత్తుకెళ్లి, ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా మూత తీసి ఒక అరిసె అమ్మ చేతిలో పెట్టాడు. ఆ రోజు ఆ రిసార్టులో మా అమ్మ ప్రాణం నిలబెట్టింది బయటి ఆహారం!

సిగ్గుండాలి. ఆ ముందురోజే మేం డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిన అక్విడక్టు మీదుగా కారులో వచ్చాం. లంకల గన్నవరంలో ఆవిడ వేళ కాని వేళలో వచ్చినవాడికి కూడా పొయ్యి వెలిగించి అన్నం పెట్టింది. మీరు పెట్టక్కర్లేదు, మా తిండి మమ్మల్ని తిననివ్వండి చాలు. బోర్డు శుభ్రత కోసమట! శుభ్రత కాదు నాయనా, ఆ 2,340 కోసం.

మా చిన్నప్పుడు అంతర్వేది కల్యాణానికి వెళ్తే సత్రం వరండాలో కిరసనాయిలు స్టవ్ మీద పప్పు ఉడికించుకునేవాళ్లం. అది పేదరికం అనుకుని పెద్దయ్యాక రిసార్టులకి ఎగబడ్డాం.

మధ్యాహ్నానికే ఖాళీ చేసి అమలాపురంలో ఒక మేడమీది వాటాలో దిగాం. రోజుకి 2,000. పొయ్యి, కుక్కరు, నాలుగు గిన్నెలు, హ్యాండిల్ ఊడిన మూకుడు ఒకటి (దాన్ని మా ఆవిడ పట్టకారుతో రాత్రికల్లా దారికి తెచ్చింది). బజారుకెళ్లి సొరకాయ, పెసరపప్పు, తోటకూర, కోడిగుడ్లు, పెరుగు, కాస్త బియ్యం తెచ్చాను, 410 అయింది, రెండు పూటలు గడిచాయి. అమ్మ తన ఉప్పు తనే వేసుకుంది, పొద్దున ఏడింటికల్లా రాగిజావ కాచుకుంది. ఇన్సులిన్ ఎప్పుడు వేసుకోవాలో ఎవరి కార్డూ చూసుకోలేదు.

రసీదు చూపిస్తే పండ్లు పదమూడూ తిరిగిచ్చారు, అది ఒప్పుకోవాలి. డాబా మీద కూర్చుని, తొక్కలు గుట్టగా పోసి తిన్నాం. ఇల్లుగలావిడ గిన్నెడు ఆవకాయ తెచ్చిచ్చి, షరతు ఒక్కటే చెప్పింది.

‘పడుకునేముందు గ్యాస్ కట్టెయ్యండమ్మా.’