కవలల నిద్ర: వేళ ఒకటే, తీరు వేరు

పిల్లల్ని నిద్రపుచ్చడం గురించి వినిపించే సలహాల్లో చాలావరకు ఒక్క బిడ్డను దృష్టిలో పెట్టుకుని చెప్పేవే. కవలలున్న ఇంట్లో వాటినే రెండుసార్లు పాటిస్తే సరిపోతుందనుకుంటారు. ఒకరిని భుజాన వేసుకుని జోకొడుతుండగా రెండోవారు తొట్టిమంచం చువ్వలు పట్టుకుని ఏడుపు లంకించుకున్నప్పుడు ఆ లెక్క తప్పుతుంది. పడుకునే వేళ ఇద్దరికీ ఒకటే ఉండాలి, నిద్రపుచ్చే తీరు మాత్రం ఎవరిది వారికే ఉండాలి. చాలా ఇళ్లలో జరిగేది సరిగ్గా దీనికి ఉల్టా. వేళ రోజుకోలా మారుతుంది, తీరేమో ఇద్దరికీ ఒకటే.

ముందు వయసు లెక్క సరిచూసుకోవాలి. కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకముందే పుడతారు. 34 వారాలకు పుట్టిన పిల్లలకు ఇప్పుడు ఐదు నెలలైతే, నిద్ర విషయంలో వాళ్లు దాదాపు మూడున్నర నెలల పిల్లల్లాగే ఉంటారు. డాక్టర్లు చెప్పిన ప్రసవ తేదీ నుంచి లెక్కేస్తే వచ్చే వయసే ఇక్కడ పనికొస్తుంది. ఇది చూసుకోకుండా ఈపాటికి రాత్రంతా పడుకోవాలి కదా అని కంగారు పడితే ఉన్న నిద్ర కూడా పోతుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పిన ప్రకారం పగటి నిద్రతో కలిపి రోజుకు 4 నుంచి 12 నెలల పిల్లలకు 12–16 గంటలు, ఏడాది నుంచి రెండేళ్ల వారికి 11–14 గంటలు, మూడు నుంచి ఐదేళ్ల వారికి 10–13 గంటలు కావాలి. ఒకే కడుపున పుట్టినా ఒకరికి 11 గంటలు చాలొచ్చు, ఇంకొకరికి 13 పట్టొచ్చు. ఆ తేడాను రాత్రి సరిచేయబోతే గొడవే. పగటి నిద్ర దగ్గర సర్దడం తేలిక. తక్కువ నిద్ర చాలేవారిని మధ్యాహ్నం అరగంట ముందు లేపితే, రాత్రికి ఇద్దరూ ఒకే వేళకు నిద్రకు సిద్ధంగా ఉంటారు.

పడుకునే ముందు 30–40 నిమిషాలు రోజూ ఒకే వరసలో గడవాలి. అంతకు గంట ముందే టీవీ, ఫోన్ ఆపేసి, తెల్లటి లైట్లు తగ్గించాలి. వెలుతురు ఎక్కువైతే నిద్ర తెప్పించే మెలటోనిన్ ఊరడం తగ్గుతుంది. పాలు ఈ వరసలో మొదట రావాలి. చివర్లో ఇస్తే సీసా నోట్లో లేనిదే నిద్ర రాని అలవాటు పడుతుంది, వచ్చిన పళ్లు కూడా పాడవుతాయి. ఆ తర్వాత పళ్లు తోమడం, డైపర్లు, బట్టలు, ఒక చిన్న కథ. ఇద్దరి బట్టలూ డైపర్లూ ముందే తీసి పెట్టుకోవాలి. ఒకరికి వేస్తూ రెండోవారి చొక్కా కోసం అలమర వెతికే ఆ రెండు నిమిషాల్లోనే ఆట మొదలవుతుంది. స్నానం సంగతి వేరు. ఒక్క బిడ్డకైతే గోరువెచ్చని నీళ్లు హాయినిస్తాయి. ఇద్దర్నీ కలిపి టబ్బులో దించితే అది జలకాలాటే. అలా ఉషారెక్కుతుంటే స్నానాన్ని పడుకునే వేళ నుంచి తప్పించి సాయంత్రానికి మార్చడం మేలు.

నిద్రపుచ్చే తీరు తెలియాలంటే ఒక వారం పాటు రాసుకుంటే చాలు. ఎవరు ఎన్నింటికి మంచమెక్కారు, ఎన్నింటికి కన్ను మూశారు, మధ్యలో ఏం చేస్తే కుదురుకున్నారు అన్నది ఇద్దరికీ విడివిడిగా రాయాలి. ఒకరికి వీపు మీద చెయ్యి ఉంటే చాలు, మరొకరికి ఆ చెయ్యే చిరాకు. ఒకరికి పాట కావాలి, మరొకరికి ఆ పాటే ఆట. పెద్దవాళ్లిద్దరున్న ఇంట్లో చెరొకరూ ఒక బిడ్డను పంచుకుని, రోజు మార్చి రోజు మారాలి. లేకపోతే ఒకరు ఊరెళ్లిన రాత్రి మిగిలినవారి తలప్రాణం తోకకొస్తుంది.

పెద్దవాళ్లు ఒక్కరే ఉన్నప్పుడు ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలి? సహజంగా ఏడ్చేవారి దగ్గరికే కాళ్లు లాగుతాయి. చాలాసార్లు మంచి పద్ధతి మాత్రం దానికి ఉల్టా. ఏడుపు ఆకలి వల్లో నొప్పి వల్లో కాదని తేలితే, కుదురుగా ఉన్నవారిని ముందు పడుకోబెట్టాలి. వారికి రెండు మూడు నిమిషాలు చాలు. ఆలోగా వారు కూడా ఏడుపు అందుకుంటే ఇద్దర్నీ ఊరుకోబెట్టడానికి గంట పడుతుంది. పైగా నెమ్మదైన బిడ్డ వంతు ఎప్పుడూ రెండోదే అయితే, ఏడిస్తేనే వస్తారని ఆ బిడ్డా నేర్చుకుంటుంది.

ఒకరి ఏడుపుకు రెండోవారు లేస్తారన్న భయం మరో సమస్య. ఆ భయంతో చిన్న మూలుగు వినిపించగానే పరుగున వెళ్లి ఎత్తుకుంటారు. పసిపిల్లల నిద్ర ఒక్కో విడత 50–60 నిమిషాలు. అందులో కదలడం, మూలగడం, ఒక్కోసారి కళ్లు తెరవడం మామూలే. నిద్రలో ఉన్న బిడ్డను ఎత్తుకుంటే అసలుకే మోసం. ఒకటి రెండు నిమిషాలు ఆగి చూడాలి. కలిసి పెరిగే కవలలు ఒకరి చప్పుడుకు ఒకరు మనం ఊహించిన దానికంటే బాగానే అలవాటు పడతారు. రాత్రి పాలు తాగే వయసులో మాత్రం ఒకరు ఆకలికి లేస్తే రెండోవారికి కూడా అప్పుడే పట్టడం చాలామందికి కలిసొస్తుంది.

ఒకే పక్కలో పడుకోబెడితే హాయిగా పడుకుంటారన్న నమ్మకం ఇంకా బలంగా ఉంది. అది సురక్షితం కాదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022 మార్గదర్శకాలు పసి కవలలకైనా విడివిడి పక్కలే ఉండాలంటున్నాయి. పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి, వెల్లకిలా పడుకోబెట్టాలి, మొదటి ఏడాది దిండు, దుప్పటి, బొమ్మ ఏవీ ఉండకూడదు. గది ఒకటే అయినా పర్వాలేదు, కనీసం ఆరు నెలల వరకు పెద్దవాళ్ల గదే మంచిది.

ఏడాదిన్నర దాటాక కథ మారుతుంది. లైటు తీయగానే ఇద్దరికీ సభ మొదలు. నవ్వులకీ కబుర్లకీ లోపలికి వెళ్లకపోవడమే మందు, పెద్దవాళ్లు వస్తే ప్రేక్షకులు దొరికినట్టే. ఏడుపో, దెబ్బో, వస్తువులు విసురుకోవడమో ఉంటేనే వెళ్లాలి, అదీ మాట తక్కువగా. రోజూ ముప్పావుగంట దాటుతుంటే మధ్యాహ్నం నిద్ర ఎక్కువైందని అర్థం. అది తగ్గించినా ఆగకపోతే, త్వరగా నిద్రపోయే బిడ్డను ముందు పడుకోబెట్టి, రెండోవారిని 15–20 నిమిషాల తర్వాత తీసుకెళ్లాలి. కథ బయటి గదిలోనే చెప్పేయొచ్చు.

తొట్టిమంచం నుంచి మామూలు మంచానికి మార్చడానికి తొందరపడొద్దు. అయితే ఎత్తు 90 సెంటీమీటర్లకు చేరినా, ఒకరు అంచు దాటడం మొదలుపెట్టినా ఇక ఆగడం ప్రమాదం, రెండోవారు నేర్చుకోవడానికి ఒక్క రాత్రి చాలు. మార్చేముందు గదిలో నేల మీద కూర్చుని చూడాలి. అలమరలు, సొరుగుల బల్లలు గోడకు బిగించి ఉన్నాయా, కర్టెన్ తాళ్లు అందుతున్నాయా అన్నది అప్పుడే తెలుస్తుంది. ఒక బిడ్డ ఎక్కలేని చోటికి ఇద్దరూ కలిస్తే ఎక్కేస్తారు.

ఒంట్లో బాగాలేని రాత్రులకు ఒక కాగితం, పెన్ను మంచం దగ్గరే ఉంచాలి. ఎవరికి ఏ మందు, ఎంత, ఎన్నింటికి వేశారో వేసిన వెంటనే రాయాలి. నిద్రమత్తులో ఒకరికే రెండుసార్లు వేసే ప్రమాదం కవలల ఇంట్లో చాలా ఎక్కువ. జలుబు లేకపోయినా రోజూ గురక పెడుతున్నా, నిద్రలో ఊపిరి ఆగి ఆగి తీస్తున్నా అది అలవాట్లతో సర్దుకునేది కాదు, పిల్లల డాక్టరుకు చూపించాలి.