సవరణ: మోనోక్యులర్ మీది అంకెల సంగతి

చూపు బాగా తక్కువగా ఉన్నవాళ్ళు బస్సు నంబరు, క్లాసులో బోర్డు చదవడానికి వాడే మోనోక్యులర్ (ఒక కంటికి పెట్టుకుని చూసే చిన్న దూరదర్శిని) గురించి పోయిన పోస్టులో "8×20 కొనడం మేలు, ఎక్కువ పెద్దగా చూపిస్తుంది" అని ఉంది. దాని బదులు ఇలా చదువుకోండి: కొత్తగా వాడేవాళ్ళలో చాలామందికి 4×12 లాంటిదే నయం.

మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో చెబుతుంది. రెండోది ముందు లెన్సు వ్యాసం, మిల్లీమీటర్లలో. రెట్లు పెరిగేకొద్దీ కనిపించే మేర కుంచించుకుపోతుంది, చేతి వణుకూ అన్ని రెట్లు పెరుగుతుంది. 8 రెట్లతో బోర్డును వెతికి పట్టుకునేలోపు బస్సే వెళ్ళిపోతుంది!

లెక్క తేలికే. చూపు 6/60 ఉండి (అంటే మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచే చదవగలగడం), కంటి పరీక్ష చార్టులో 6/15 వరుస చదవాలంటే 60ని 15తో భాగించండి, 4 రెట్లు చాలు. రెండో అంకెను మొదటిదానితో భాగిస్తే కంటికి చేరే వెలుగు వృత్తం వ్యాసం వస్తుంది: 4×12కి 3 మి.మీ., 8×20కి 2.5 మి.మీ. మసక వెలుతురులో ఈ తేడా పనికొస్తుంది.

ఇంకొకటి, దీన్ని ఒకచోట ఆగే వాడాలి, నడుస్తూ కాదు. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి రెటీనా జబ్బు వల్ల పక్కచూపు పోయినవాళ్ళకి ఇది అంతగా నప్పదు. ఆన్‌లైన్‌లో కొనేముందు లో విజన్ క్లినిక్‌లో (చూపు తక్కువగా ఉన్నవాళ్ళకి సాయపడే కంటి క్లినిక్) అడిగి, ఆరుబయట పెట్టుకుని చూడండి.