సీనరీ వేయడం రాని మహా చిత్రకారులు

బడి మొహం చూసిన వాళ్లెవరినైనా అర్ధరాత్రి లేపి ప్రకృతి దృశ్యం గీయమనండి. నిద్రకళ్లతోనే గీసేస్తారు. త్రికోణాల్లో రెండు కొండలు, మధ్యలో సగం సూర్యుడు, అక్కణ్ణించి దిగే నది, ఓ పక్క ఇల్లు, ఓ పక్క కొబ్బరిచెట్టు, పైన నాలుగు టిక్కు మార్కులు. అవి పక్షులు. రంగు, గీత, దూరం అనే మూడు తగాదాలనూ ఒక్క డ్రాయింగ్ షీటు మీద తెగ్గొట్టిన ఘనత మన సీనరీదే. ఈ లెక్కన దిద్దితే ప్రపంచంలోని గొప్ప చిత్రకారుల్లో చాలామంది గట్టెక్కరు.

ముందు రంగు. కొండ ఆకుపచ్చ, ఆకాశం నీలం, గడ్డి పసుపు. ఇందులో అనుమానపడ్డానికి ఏముంది? ఫ్రాన్సులో క్లోద్ మోనే గారికి మాత్రం తీరని అనుమానం. 1890-91లో జివెర్నీలో తన ఇంటి దగ్గరి పొలంలో ఉన్న కుప్పల్ని దాదాపు 25 బొమ్మలు వేశాడు. పొద్దున ఒక రంగు, మునిమాపు వేళ ఒక రంగు, మంచు పడితే మరో రంగు. వెలుగు మారగానే చేతిలో ఉన్న కాన్వాసు పక్కన పడేసి ఇంకోటి అందుకోవడం. దగ్గరికెళ్లి చూడండి, కుప్ప నీడలో నీలం, ఊదా, మధ్యమధ్యలో ఎర్రటి పూతలు. నీడకి నలుపు వేయాలని ఒకటో తరగతి పిల్లాడికి తెలుసు. పోనీ కుప్ప చుట్టూ గీతైనా గీశాడా అంటే అదీ లేదు. స్కెచ్ పెన్నుతో అవుట్‌లైన్ ఇవ్వకుండా రంగు పూస్తే ఏ మాస్టారు ఊరుకుంటారు?

గీత విషయంలో జపాన్ వాడైన హోకుసాయ్ బుద్ధిమంతుడే. 1831 ప్రాంతంలో అచ్చయిన పెద్ద కెరటం బొమ్మలో నురుగు ముక్కముక్కకీ అవుట్‌లైన్ ఉంది. విదేశాల నుంచి వచ్చిన ప్రష్యన్ బ్లూ అనే ముదురు నీలం రంగు కూడా పిసినారితనం లేకుండా వాడాడు. సరే, మార్కులు వేద్దామని కలం తీస్తే, ఫుజి పర్వతం ఏదీ? అదిగో, కెరటం కింద, పడవల వెనకాల, పిసరంత! 3,776 మీటర్ల కొండ, ఆ దేశంలో దాన్ని మించింది లేదు. దగ్గరున్నది పెద్దగా, దూరానున్నది చిన్నగా కనిపించాలన్న యూరప్ పద్ధతి ఆయన వంటబట్టించుకున్నాడట. వంటబట్టించుకోవచ్చు, పెద్దా చిన్నా తేడా ఉండొద్దూ? పైగా ఈ కెరటం ఉన్న బొమ్మల సిరీస్ పేరేమో ఫుజి 36 దృశ్యాలు, గిరాకీ బాగుందని వేసినవి 46. అంటే లెక్కల్లోనూ వీకే.

డచ్చి హొబ్బెమా 1689లో వేసిన చెట్ల దారి మాత్రం పాసు. రెండు వరుసల చెట్లూ సన్నబడుతూ పోయి దూరంగా ఒకే చోట కలుస్తాయి. మన నదీ అంతేగా.

ఇక చైనా గువో షీ సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. 1072లో పట్టు మీద ‘తొలి వసంతం’ అని వేశాడు. పేరుకి వసంతం, చూడబోతే అంతా సిరా మయం. ఒకే బొమ్మలో మూడు చూపులు పెట్టాడు. కింద నిలబడి శిఖరాన్ని చూసే చూపొకటి, కొండల సందుల్లోంచి లోలోపలికి పోయేదొకటి, సమంగా దూరానికి సాగేదొకటి. చూసేవాడు ఒక్కచోట నిలబడకుండా ఆ కొండల్లో తిరగాలన్నమాట. మోకాళ్ల నొప్పులున్నవాళ్ల గతేమిటి? మధ్యమధ్యలో పొగమంచు పేరుతో పట్టుని ఖాళీగా వదిలేశాడు. రంగు నింపనందుకు రెండు మార్కులు కోత.

దూరం పోయేకొద్దీ కొండలు నీలంగా కనిపిస్తాయని, దానికి మధ్యలో ఉన్న గాలే కారణమని ఇటలీలో మోనాలిసా వేసిన లియొనార్డో డావిన్సీ ఎప్పుడో రాసిపెట్టాడు. పాపికొండలకి లాంచీలో వెళ్లినవాళ్లు కళ్లారా చూసే ఉంటారు. చూసింది చూసినట్టు వేస్తే ప్రైజులు రావు, అది వేరే విషయం.

నా బెంగంతా వీళ్ల గాలి మన పిల్లలకి సోకుతుందనే. కోనసీమలో ఓ బళ్లో పోటీ పెడితే, ఒక పిల్ల కోత కోసిన చేను, పక్కనే కాలవ, గట్టు మీద పోనుపోను చిన్నవయ్యే కొబ్బరిచెట్లు, నీళ్లలో వాటి పచ్చటి నీడలు వేసి తెచ్చింది.

“కొండలేవే?” అన్నారు డ్రాయింగ్ మాస్టారు.

“మా ఊళ్లో కొండల్లేవు కదండీ.”

“మరి సూర్యుడు ఎక్కణ్ణించి వస్తాడు?”

“తోట ఎనకాల నుంచండీ.”

మాస్టారు జాలిగుండె మనిషి. స్కేలూ పెన్సిలూ తీసి, కాలవ చివర తనే రెండు త్రికోణాలు గీసిచ్చారు. కన్సొలేషన్ ప్రైజు వచ్చింది.